కృపానాథ్ గారి కొరకు

అయ్యగారి ప్రసంగం యెరికో గోడల దగ్గరికి వచ్చింది. అంటే ఇంకా సగం ఉందన్నమాట. ఏ వాక్యం చదివినా సరే, యెరికో చుట్టూ ఒకసారి తిరిగి రానిదే అయ్యగారికి ప్రసంగం ముగించినట్టుండదు. మామూలు ఆదివారాల్లో అయితే దేవదానం మాస్టారు ఈపాటికి ఇంటి దగ్గర ఉడకబోయే కోడికూర మీదికి మనసు పోనిచ్చేవాడు. భార్య సరోజిని మసాలా నూరి పెట్టి వచ్చిందో, వెళ్ళాక నూరుతుందో అని లెక్కలు వేసేవాడు. ఇవాళ మాత్రం ఆ గోడలు ఇంకాస్త నిలబడితే బాగుండునని ఉంది. బైబిల్లోలా బూరల మోతకి అవి కూలి ప్రసంగం ముగిసిన మరుక్షణం సంఘపెద్దగా తను లేచి ప్రార్థన చెయ్యాలి. దేశాన్నేలే అధికారుల కొరకు, వానల కొరకు, నాట్ల కొరకు, చివరికి ఊళ్ళో జబ్బున పడ్డవాళ్ళ కొరకు, పేరుపేరునా. ఆ పేర్లలో ఒక పేరు కలపాలా వద్దా అన్నది నిన్న సాయంత్రం పేపరు చూసిన దగ్గర్నుంచీ తేలడం లేదు. కలిపితే మూడో బెంచీలో కూర్చున్న బావ లేచి వెళ్ళిపోతాడు. నాలుగేళ్ళ తరవాత ఇవాళే ఈ గుమ్మం తొక్కిన బావ. కలపకపోతే, ఢిల్లీలో ఏదో ఆస్పత్రి మంచం మీద ఉన్న ఆ ముసలాయనకి ఈ భూమ్మీద ఇంకెవరు ప్రార్థన చేస్తారు?

చూడకూడదనుకుంటూనే కళ్ళు మూడో బెంచీ మీదికి పోతున్నాయి. సాలమోను బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడ నిటారుగా పెట్టి, ఇన్‌స్పెక్షనుకి వచ్చిన అధికారిలా కూర్చున్నాడు. ఎంత తెల్లబడిపోయింది జుట్టు! రోజూ వీధిలో కనబడే మనిషే, ఎదురుపడితే అటు తిరిగిపోయే మనిషే, అయినా ఇలా తిన్నగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆడవాళ్ళ వైపు ఆయన భార్య, తన చెల్లెలు రూతు, టైఫాయిడ్‌కి జుట్టంతా ఊడిపోయి తలమీద పమిట కప్పుకుని, చిన్నపిల్లలా అయిపోయింది. ఒళ్ళో అరటిగెల పెట్టుకుందేమిటి, పక్కన దించొచ్చు కదా, అసలే నీరసం. దించదు. కృతజ్ఞతార్పణ అది, బల్ల దగ్గర పెట్టేదాకా నేల మీద పెట్టదు. అమలాపురం ఆస్పత్రిలో పదిమందీ ఆశ వదులుకున్న మనిషి లేచి వచ్చి అరటిగెల మోస్తోంది, అంతకంటే ఏం కావాలి. ఈవిడ జబ్బే ఆ మొండి మనిషిని ఇక్కడికి లాక్కొచ్చింది. "నేను బతికినందుకు దేవుడికి దండం పెట్టుకోడానికి నేనొక్కదాన్నీ వెళ్ళాలేంటండీ?" అందట. ఆ మాటకి ఏ మొగుడు కాదంటాడు? పొద్దున్న గుడి మెట్ల దగ్గర రూతు తన చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, ఇవాళొక్కరోజూ..." అని ఊరుకుంది. ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

కిటికీలోంచి గాలి వస్తోంది, తడి గాలి. ఊడుపులు అయిన చేల వాసన, కొబ్బరి మట్టల గలగల. సుఖంగా ఉంది నిజానికి. ఇంత మంచి ఆదివారం ఇలాంటి పీటముడి పెట్టుకుని కూర్చోవడం తనకే చెల్లింది. కృపానాథ్ గారు మాత్రం తనకేమవుతారు? సూరమ్మ అడిగిందొకసారి, పాపం బోదకాలు ఈడ్చుకుంటూ ఇంటిదాకా వచ్చి, "మాస్టారండీ, పదేళ్ళ బట్టీ ఆదివారం ఆదివారం ఆ కృపానాథ్ గారి పేరు చెప్తున్నారు కదండీ, ఆయన మీ వియ్యంకులాండీ? అస్తమానూ ప్రార్థన చెయ్యాలంటే ఏం జబ్బండీ ఆయనకి?" అని. సరోజిని నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆయన ఢిల్లీలో పెద్ద నాయకుడమ్మా, దేశంలో ఆయన మాటే మాట అని చెబితే, సూరమ్మ బుగ్గలు నొక్కుకుని, "పేరులో కృప ఉంటే మనోళ్ళే అనుకున్నానండి" అంది. అవును మరి. వినగా వినగా ఊరందరికీ చుట్టమైపోయాడాయన. అధికారుల కొరకు ప్రార్థించమని వాక్యంలో ఉంది, పేరు లేకుండా ప్రార్థించడం మేల్విలాసం లేని ఉత్తరం లాంటిదని తన పట్టుదల.

ఊరికే పుట్టిన పట్టుదలా అది? తుఫాను వచ్చిన ఏడు, సముద్రం పక్క ఊళ్ళు చూడ్డానికి ఆయన వచ్చినప్పుడు, స్కూలు ముందు జీపు ఆగినప్పుడు, బొండం చెక్కి ఇచ్చింది తను. అంతమంది అధికార్లూ కూల్‌డ్రింకులు పట్టుకుని నిలబడితే ఆయన వాటిని తోసేసి బొండం అందుకున్నాడు. ఫొటోవాడు అప్పుడే నొక్కాడు. రెండోరోజు పేపర్లో మొదటి పేజీ, ఇంత వెడల్పున ఫొటో. కృపానాథ్ గారి మొహం, గడ్డం మీద కారుతున్న నీళ్ళు, బొండం, ఆ బొండం కింద ఒక చెయ్యి, మణికట్టు దాకా. అంతే. మణికట్టు దగ్గర కత్తిరించేశాడు మహానుభావుడు. ఆ చెయ్యి తనదే. వాచీ డయలు లోపలివైపుకి పెట్టుకునేది ఈ చుట్టుపక్కల తనొక్కడే కదా! ఎవరైనా అనుమానపడితే సాలమోను బావే కల్పించుకునేవాడు. "మా బావ చెయ్యండీ అది, వాచీ చూడండి, ఆ బోర్లా వాచీ ఇంకెవరికుంది?" అని టీకొట్టు దగ్గర, రాజోలు బస్సులో, పెళ్ళిళ్ళలో. తనకంటే బావే ఎక్కువసార్లు చెప్పాడు ఆ సంగతి. అదే బావ, నాలుగేళ్ళ కిందట, అదే టీకొట్టు దగ్గర, "ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చండి" అన్నాడట. ఆ మాట విన్నరోజు తను అన్నం తినలేదు. ఎంత ఉక్రోషం! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు నిజంగానే ఎవరో మణికట్టు దగ్గర కోసేసినట్టయింది.

కానీ బావ బాధ బావది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసుల రోజులవి, ప్రతి పంతులూ ఇంతమందిని తెచ్చి ఆస్పత్రిలో పడుకోబెట్టాలని పైనుంచి తాఖీదులు. బావ ఒక్కణ్ణీ తేలేదు. "పిల్లలికి ఎక్కాలు నేర్పమంటే నేర్పుతాను, ఇదేం పనండీ" అని మొహం మీదే అనేశాడు. మన్యానికి బదిలీ చేసి పడేశారు. అడవిలో పాక బడి, చలిజ్వరం. ఒళ్ళు గుల్లయిపోయి వచ్చాడు. అక్కణ్ణుంచి బావ ఉత్తరం రాగానే తను ఆదివారం లేచి ప్రార్థన చేశాడు, "మన్యమందు జ్వరముతో నున్న మా సహోదరుడు సాలమోనును ముట్టుము" అని. ఆ వెంటనే, అదే ఊపులో, "కృపానాథ్ గారికి మంచి జ్ఞానమును దయచేయుము" అని. సాయంత్రం రూతు వచ్చి గడపలో కూర్చుని, "అన్నయ్యా, నీ ప్రార్థనలో పంపినాయనా ఉన్నాడు, వెళ్ళినాయనా ఉన్నాడు" అంది. కోపంగా కాదు, ఊరికే అంది. తనేమన్నాడు? ఆయనకివన్నీ తెలియవమ్మా, కిందివాళ్ళు చేసేవి అన్నాడు. ఏమో, తెలుసేమో. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుందో ఏం తెలియదో ఈ కొబ్బరితోటల్లో కూర్చున్నవాడికెలా తెలుస్తుంది? తనకి తెలిసిందల్లా పేపర్లో వచ్చిందే.

ఆ పేపరు! ఎన్నికల్లో ఆయన ఓడిపోయిన మర్నాడు వచ్చిన పేపరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందు వారం దాకా మహానేత అని రాసిన చెయ్యే ఇప్పుడు ఆయనగారి నిర్వాకం అని మొదలెట్టింది. కార్టూన్లలో ఆయన ముక్కు ఒక్క రాత్రిలో జానెడు పెరిగింది. అధికారంలో ఉన్నన్నాళ్ళూ అంత బుద్ధిగా ఉన్న ముక్కు! అన్నిటికంటే గుచ్చుకుంది పేరు ముందు తగిలించిన మాజీ అన్న మాట. తనూ ఆ వేసవిలోనే రిటైరయ్యాడు. బడి గంట కొడితే లేవబోయి మళ్ళీ కూర్చున్న రోజులవి. అలాంటి రోజుల్లో వచ్చిన ఆదివారం తను లేచి కళ్ళు మూసుకుని, అలవాటు ప్రకారం, "మా దేశమును ఏలుచున్న కృపానాథ్ గారిని..." అనేశాడు. అలవాటే, ఒట్టు. నోటికి వచ్చేసింది. అంతలో కళ్ళు మూసుకున్న సంఘంలోంచి సాలమోను బావ గొంతు ఖంగుమంది. "ఆయన దిగిపోయేరు బావా! దేవుడికి తప్పుడు వార్తలు చెప్పకు!" గుడంతా గొల్లున నవ్వింది. అయ్యగారు కూడా నవ్వారు, దగ్గులా చేసి. తను నవ్వి సరిపెట్టుకుంటే పోయేది. పౌరుషం! పై ఆదివారం కావాలని మళ్ళీ చెప్పాడు, "మాజీ నాయకులైన" అని చేర్చి మరీ, గట్టిగా. బావ బెంచీ మీంచి లేచాడు, చెప్పులు తొడుక్కున్న చప్పుడు కూడా వినిపించింది. ఆ తరవాత ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ మలికిపురం వైపు గుడికి. చాలదన్నట్టు ఎవడో విలేకరి జిల్లా పేజీలో నాలుగు ముక్కలు గిలికాడు, మాజీ నేత కోసం చర్చిలో రగడ అని. అందులో తనని పాస్టరుని చేసి, బావని ప్రతిపక్ష నాయకుణ్ణి చేశాడు. అయ్యగారు పిలిచి, "మాస్టారూ, ఇక ఏలేవాళ్ళ పేర్లు వద్దండి, ఉత్త అధికారులు అనండి చాలు" అన్నారు. ఒప్పుకున్నాడు, మాట తప్పలేదు.

తమాషా ఏమిటంటే, మాటలు పోయినా పేపరు పోలేదు. ఒక పేపరుని ఇద్దరూ కలిసి వేయించుకోవడం ఇద్దరికీ ఉద్యోగాలొచ్చినప్పటి ఏర్పాటు. బావ ఇల్లు బస్సాగే చోటికి దగ్గర గనక మధ్యాహ్నం ఆయన చదువుతాడు, పొద్దువాలేసరికి రూతు తెచ్చి ఇస్తుంది. కక్షలు వచ్చాయని వాటా మానేస్తే రెండిళ్ళ ఆడవాళ్ళూ ఊరుకుంటారా? గొడవైన మర్నాడు పేపరు వచ్చింది. విప్పితే, కృపానాథ్ గారి మీద విచారణ కమిషన్ వేస్తారన్న వార్త చుట్టూ ఎర్ర పెన్సిలుతో ఇంత లావు గీత! పంతుళ్ళ దగ్గరుండే పెన్సిలు, ఒక కొన ఎరుపు, ఒక కొన నీలం. తన దగ్గరా ఒకటుంది. వెతికి, అదే పేజీ అడుగున ఆయన చెప్పిన జవాబు చుట్టూ నీలంతో గీసి తెల్లారి తిప్పి పంపాడు. ఇంక చూసుకో! ఎర్రగీత వస్తుంది, నీలంగీత వెళుతుంది. ఆరోపణ ఎరుపు, ఖండన నీలం. కార్టూను ఎరుపు, ఎవరో అభిమాని రాసిన ఉత్తరం నీలం. మంగలి సత్తియ్య, కత్తి తుడుచుకోమని ఇచ్చిన పాత పేపర్లు చూసి, "రెండిళ్ళోళ్ళూ పేపర్లు దిద్దుతున్నారేంటండీ, మార్కులెన్నండీ?" అని అడిగాడట. మనిషితో మాట లేకపోయినా రోజంతా మాట్లాడుకున్నట్టే ఉండేది. పొద్దువాలుతుంటే రూతు అడుగుల చప్పుడు కోసం చెవి అటే ఉండేది. ఇవాళ ఏం గీశాడో చూద్దాం!

అదీ నిలవలేదు. మొదటి పేజీ మనిషి మూడో పేజీకి వెళ్ళాడు, మూడో పేజీ నుంచి ఐదుకి. కమిషన్ ఏమయిందో ఎవరూ రాయలేదు. తిట్టడం కూడా మానేశారు. ముక్కు పొడుగు కార్టూనులు వేరేవాళ్ళకి వెళ్ళాయి. వారానికోసారి, ఆ తరవాత నెలకోసారి, ఎక్కడో సంతాప సభలో కుర్చీలో ఆయన, పేర్ల వరుసలో చిట్టచివర. పేపరు గీతలు లేకుండా తెల్లగా వచ్చేది. ఒకరోజు కొబ్బరి ధరల మీద బావ ఎర్రగీత గీసి పంపాడు. అందులో కోపమేమీ లేదు, ఏదో ఒకటి గీయాలి కదా అని గీసినట్టుంది. తనూ వానల వార్తకి నీలం గీశాడు. ఇద్దరికీ తిట్టుకోడానికి మనిషి కరువయ్యాడు.

నిన్న ఐదో పేజీలో, ఎడ్లపందేల ప్రకటన కింద, రెండే రెండు వాక్యాలు. మాజీ నాయకుడు కృపానాథ్ ఊపిరితిత్తుల వ్యాధితో ఢిల్లీ ఆస్పత్రిలో చేరారు. పరిస్థితి విషమం. ఫొటో లేదు. ఎవరు పరామర్శించారో లేదు. ఒకప్పుడు ఆయన తుమ్మితే మొదటి పేజీ! దాని చుట్టూ గీత లేదు. ఎరుపూ లేదు, ఏదీ లేదు. దీపం దగ్గరికి పట్టుకుని మరీ చూశాడు. బావ చూడలేదా? అక్షరం వదలని మనిషి, పాఠకుల ఉత్తరాల్లో అచ్చుతప్పులు పట్టే మనిషి! చూసి, పోన్లే పీడా పోయిందనుకున్నాడా? సరోజినికి చూపిస్తే, "మీకెందుకండీ? పాపం అనిపిస్తే మనసులో అనుకోండి, రేపు రూతు మొహం చూసైనా నోరు కట్టుకోండి" అంది. నిజమే. ఏలేవాళ్ళ పేర్లలో వద్దన్నారు అయ్యగారు, రోగుల పేర్లలో వద్దనలేదు. ఆ సందు దొరికింది తనకి నిన్న రాత్రి, మంచం మీద. దొరికి సుఖం లేదు. మనసులో అనుకుంటే దేవుడికి వినబడదా? వినబడుతుంది. కానీ ఒక్క గుడిలోనైనా, ఒక్క ఊళ్ళోనైనా ఆయన పేరు పైకి అనాలి కదా. పేపరు వదిలేసింది, రేడియో వదిలేసింది, తనూ వదిలేస్తే? రూతు అరటిగెల మీద చెయ్యి వేసుకుని తనవైపే చూస్తోందేమిటి. తల్లీ, చూడకే.

గోడలు కూలాయి. బూరలు ఊదారు, యెరికో పడిపోయింది, అయ్యగారు నీళ్ళు తాగి కూర్చున్నారు. దేవదానం లేచాడు. గొంతు ఎప్పటిలాగే వచ్చింది, ఎన్నో ఏళ్ళ గొంతు. అందరూ తలలు వంచారు. పరలోకమందున్న మా తండ్రీ అన్నాడు. అధికారులను జ్ఞాపకము చేసికొనుమన్నాడు, పేర్లు లేకుండా. వానలకు, నాట్లకు వందనములు చెప్పాడు. మా సహోదరి రూతును మరణద్వారము నుండి తప్పించితివన్నప్పుడు ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదారు. ఇక రోగులు. సూరమ్మ కాలిబాధను చూడుము. సత్తియ్య ఆయాసమును తగ్గించుము. మోషే కోడలికి సుఖ ప్రసవము దయచేయుము. మరియు...

మరియు అన్నాడు, అక్కడ ఆగిపోయాడు. తక్కిన రోగులందరిని అనేస్తే అయిపోతుంది, నోట్లోనే ఉన్నాయి ఆ మాటలు. రావడం లేదు. ఆ పేరూ రావడం లేదు. పెంకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో పసివాడు కేరింత కొట్టాడు, తల్లి నోరు మూసింది. ప్రభువా, ఒక్క ముక్క, ఏదో ఒక్క ముక్క. అప్పుడు మూడో బెంచీ కిర్రుమంది. మనిషి లేచిన చప్పుడు. అయిపోయింది. పేరు చెప్పకముందే వెళ్ళిపోతున్నాడు బావ. ఆగిన చోటే అర్థమైపోయింది ఆయనకి. చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు దేవదానం. చెప్పుల చప్పుడు రాలేదు.

"కృపానాథ్ గారండి, ప్రభువా," అంది సాలమోను గొంతు.

జన్మలో పైకి ప్రార్థన చేసి ఎరగడు సాలమోను. దేవుడితో ఎలా మాట్లాడాలో తెలియక, ఎదురింటి పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

"ఢిల్లీలో ఆస్పత్రిలో ఉన్నారండి. ఆయన రోజుల్లోనే నన్ను మన్యం తోలేరండి. నేనది మర్చిపోలేదండి, మర్చిపోయేనని మీ దగ్గర అబద్ధం చెప్పను. కానీ పెద్దవాడండి. ఊపిరాడ్డం లేదంట. నాకు తెలుసండి, ఒక్కడూ పడుంటే ఎలాగుంటాదో." గొంతు సవరించుకున్నాడు. "పక్కని ఎవరన్నా ఉన్నారో లేదో పేపరోళ్ళు రాయలేదండి. మీరెళ్ళి కాసేపు కూర్చోండి ఆయన దగ్గర."

ఆమేన్ అనాలని అందరికీ తెలుసు. ఆడవాళ్ళ వైపు నుంచి సూరమ్మ ఒక్కతే, కళ్ళు మూసుకునే, దేవుడి తరఫున తనే సరేనని మాట ఇచ్చేస్తున్నట్టు, "ఆయ్" అంది.